హోరు వేరు, జోరు వేరు

తెలుగువారికి మఫ్లరు అనగానే చలికాలములో మెడకు చుట్టుకొనే ఉన్నిగుడ్డ గుర్తుకు వస్తుంది. ఇంగ్లీషులో కూడ ఆ మాటకు ఆ అర్థము ఉన్నది. అమెరికాలో అదే మాట మోటారు ఇంజను గొంతుకు తొడిగిన ఇనుప డబ్బాకు పేరయినది. ఆ డబ్బానే ఇక్కడ సైలెన్సరు అంటున్నారు. ఇండియానా రాష్ట్రములోని కొలంబస్ పట్టణమునకు చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు 1897లో ఇటువంటి పరికరమునకు పేటెంటు పొందారు. చప్పుడు తగ్గించుటకు పుట్టిన ఈ వస్తువును నేడు అదే దేశములో చప్పుడు పెంచుకొనుటకై కొనేవారు వేలకొలది ఉన్నారు. వేగముగా పోగల కారు చేతికి రాగానే, ఫ్యాక్టరీవారు బిగించిన సైలెన్సరును ఊడదీసి వేరొక కంపెనీ సరుకు తగిలించుట అక్కడి యువకులకు ఒక వేడుక.

ఈ సరుకు అమ్మేవారు రెండు వాగ్దానాలు చేస్తారు: ఇంజనుకు బలము పెరుగుతుంది, కారుకు మంచి స్వరము వస్తుంది. మొదటి వాగ్దానములో నిజమెంతో ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ కాగితము మీద లెక్క కట్టి తేల్చవచ్చును.

ఇందుకు ఫోర్డు కంపెనీ మస్టాంగు కారు తగిన ఉదాహరణ. 1987 నుండి 1992 వరకు వచ్చిన మస్టాంగు జీటీలో వి ఆకారములో ఎనిమిది సిలిండర్లుగల ఇంజను ఉండేది. దాని మొత్తము ఘనపరిమాణము 4.94 లీటర్లు, నిమిషమునకు 4200 చుట్ల వద్ద 225 అశ్వశక్తి ఇచ్చేది. సైలెన్సరు మార్చుకొనేవారికి అంతకంటె ప్రియమైన కారు ఆ రోజులలో అరుదు.

ఇంజనులో కాలిన వాయువును పిస్టను బయటికి నెట్టవలెను. దారిలో గొట్టాలు, సైలెన్సర్లు అడ్డము వచ్చుట వలన కలిగే ఎదురు పీడనము వాతావరణ పీడనములో అయిదవ వంతు, అనగా సుమారు 20 కిలోపాస్కళ్ళు అనుకొందురు గాక. నాలుగు ఘాతముల ఇంజను రెండు చుట్లకొకసారి తన ఘనపరిమాణమంత వాయువును నెడుతుంది. 4200 చుట్ల వద్ద ఇది సెకనుకు 35 సార్లు జరుగుతుంది. 4.94 లీటర్లను 35తో హెచ్చిస్తే సెకనుకు 173 లీటర్లు. దీనిని పీడనముతో హెచ్చిస్తే సుమారు 3.5 కిలోవాట్లు, అనగా 4.6 అశ్వశక్తి. 225లో ఇది నూటికి రెండు వంతులు మాత్రమే. కొత్త సైలెన్సరు ఎదురు పీడనమును సగానికి తగ్గించినదనుకున్నా మిగిలేది 2.3 అశ్వశక్తి. సిలిండరులో మిగిలిపోయే మసివాయువు తగ్గుట వలన మరికొంత లాభము కలుగుతుంది గాని, దానిని కలిపినా ప్రకటనలలో కనిపించే పెద్ద అంకెలు చేరవు.

ఈ లాభమైనా ఇంజను గట్టిగా తిరిగినప్పుడే. ఎదురు పీడనము వాయుప్రవాహపు వర్గమును అనుసరించి మారుతుంది. చుట్లు 2100కు దిగితే ప్రవాహము సగము, పీడనము నాలుగవ వంతు, నష్టమయ్యే శక్తి ఎనిమిదవ వంతు అవుతాయి. అప్పటి మొత్తము నష్టమే అర అశ్వశక్తికి కొంచెము ఎక్కువ. ఊరిలో రోజూ తిరిగే కారు ఎక్కువ కాలము ఉండేది ఈ స్థితిలోనే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నమ్మకము ఒకటి గ్యారేజీలలో వినిపిస్తుంది: ఇంజనుకు కొంత ఎదురు పీడనము అవసరమట, అది లేకపోతే బలము తగ్గిపోతుందట. ఒక అనుభవమును తప్పుగా చదువుట వలన పుట్టిన మాట ఇది. మరీ వెడల్పు గొట్టము వేసినవారు తక్కువ చుట్ల వద్ద లాగుడు తగ్గినట్లు గమనించారు. అది నిజమే కావచ్చును. ఒక సిలిండరునుండి దూసుకుపోయే వాయుధార తన వెనుక పీడనమును తగ్గించి తరువాత వచ్చే వాయువును లాగుతుంది. గొట్టము వెడల్పయితే వేగము తగ్గి ఆ లాగుడు సడలుతుంది. కావున పోయినది వేగము. దాని గొప్పను అడ్డంకికి కట్టబెట్టారు. గొట్టపు వ్యాసమునకు ఇంత ప్రాధాన్యము ఎందుకో మరొక లెక్క చెబుతుంది. రెండుంపావు అంగుళాల గొట్టము బదులు రెండున్నర అంగుళాలది వేస్తే, ఒకే ప్రవాహమునకు కలిగే పీడన నష్టము సుమారు అయిదింట మూడు వంతులకు పడిపోతుంది; ఏలనన, ఈ నష్టము సుమారుగా వ్యాసపు అయిదవ ఘాతమునకు విలోమముగా మారుతుంది. పావు అంగుళము చేసే ఈ మేలు మోతలో ఎక్కడా వినిపించదు.

అయినను కొన్నవాడు బలము పెరిగిందనే ప్రమాణము చేస్తాడు. అతడు అబద్ధమాడుట లేదు. ఇంజనుకు ఎక్కువ పని చెప్పినప్పుడెల్లా హోరు పెరుగుట చిన్నప్పటి నుండి విన్న చెవికి, హోరు పెరిగితే బలము పెరిగినట్లే తోస్తుంది. శక్తిని కొలిచే డైనమోమీటరు మీద కారును ఎక్కించి చూసేవారు కొద్దిమంది.

ఇక స్వరము సంగతి. అంగడిలో దొరికే సైలెన్సర్ల పేర్లు ఎన్ని ఉన్నా వాటి లోపలి పద్ధతులు కొద్దియే. మొదటిది పలకలు అడ్డుపెట్టి గదులుగా చేసిన డబ్బా. రే ఫ్లగర్ 1983లో స్థాపించిన ఫ్లోమాస్టరు కంపెనీ పేరు మోసినది దీనితోనే. ఇందులో తరంగములు గోడలకు తగిలి తిరిగివచ్చి ఒకదానినొకటి కొంతవరకు రద్దు చేసుకొంటాయి. రెండవది చిల్లులుగల తిన్నని గొట్టము చుట్టూ గాజునార కూరినది. ఎర్ర రంగు పూసిన చెర్రీ బాంబు ఈ జాతిలో అందరికీ తెలిసినది. ఇక్కడ శబ్దశక్తి నారలో దూరి వేడిగా మారిపోతుంది.

టర్బో సైలెన్సరు అని మరొక రకము ఉన్నది. దాని పేరే ఒక వింత. 1962లో షెవ్రొలే కంపెనీ కార్వెయిర్ కారులో ఒక రకమునకు టర్బోఛార్జరు పెట్టి, దానికి ధారాళముగా వాయువును వదిలే సైలెన్సరును అమర్చినది. పందెపు కుర్రాళ్ళు ఆ డబ్బాను ఇతర కార్లకు తగిలించుకొన్నారు. తరువాత టర్బోఛార్జరుతో ఏ సంబంధమూ లేని సైలెన్సర్లకు కూడ ఆ పేరే అంటుకొన్నది. కొనేవాడు పేరును చూసి లోపలి నిర్మాణమును ఊహించుకొనరాదు.

గదుల డబ్బా ఏ స్వరమును ఎంత తగ్గిస్తుందో లెక్క కట్టవచ్చును. ఎన్‌ఏసీఏ అను అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ 1954లో ప్రచురించిన 1192వ నివేదికలో డేవిస్, ఆయన సహచరులు ఈ విషయమును సిద్ధాంతముతోను, ప్రయోగముతోను పరిశీలించారు. గొట్టపు వ్యాసమునకు మూడింతల వ్యాసముగల గది, అనగా తొమ్మిదింతల వైశాల్యముగలది, తన పొడవు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు ఉన్నచోట సుమారు 13 డెసిబెల్లు తగ్గిస్తుంది. పొడవు సరిగ్గా సగము తరంగదైర్ఘ్యమయితే తగ్గింపు సున్న! వాయువు 400 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంటే ధ్వనివేగము సెకనుకు సుమారు 520 మీటర్లు. 35 సెంటీమీటర్ల గది 370 కంపనముల దగ్గర తన పూర్తి ప్రతాపము చూపి, 743 వద్ద అసలు లేనట్లే ఊరకుంటుంది. నారడబ్బా గుణము దీనికి భిన్నము. కీచుగా ఉండే పై స్వరములను అది చక్కగా మింగుతుంది. బొంగురు స్వరములను చాలవరకు వదిలివేస్తుంది.

ఆ బొంగురు స్వరమే అసలు చిక్కు. ఎనిమిది సిలిండర్ల ఇంజనులో చుట్టుకు నాలుగు పేలుళ్ళు. నిమిషమునకు 1800 చుట్లతో రహదారి మీద సాగుతున్నప్పుడు సెకనుకు 120 పేలుళ్ళు. కారు లోపలి గాలి, గొట్టము, పై రేకు ఈ పౌనఃపున్యమునకు అనునాదము పలికితే, గంటల తరబడి ఝుంకారము చెవిలో నిలిచిపోతుంది. అమెరికాలో దీనిని డ్రోన్ అంటారు. దుకాణము ముందు రెండు నిమిషాలు ఇంజను గర్జింపజేసి విన్నవానికి ఇది తెలియదు. మూడు వందల మైళ్ళు పోయిన తరువాత తెలుస్తుంది. చిన్న రెండుగదుల డబ్బాలకు వచ్చిన పేరంతా దుకాణము ముందరి ఆ రెండు నిమిషాల్లో సంపాదించినదే. ప్రయాణము వాటికి అంత అనుకూలమైన పరీక్ష కాదు.

చికిత్స లేకపోలేదు. పొగగొట్టము ప్రక్కన, కొస మూసిన కొమ్మగొట్టము ఒకటి కలిపితే, దానిలోకి పోయిన తరంగము తిరిగివచ్చి, కొమ్మ పొడవుకు నాలుగింతల తరంగదైర్ఘ్యముగల స్వరమును రద్దు చేస్తుంది. పాఠశాలలో శ్రుతిదండముతో చేసే అనునాద గొట్టపు ప్రయోగమునకు ఇది దగ్గరి చుట్టము. 120 కంపనములకు, 400 డిగ్రీల లెక్కన, కొమ్మ పొడవు 108 సెంటీమీటర్లు కావలెను. కాని మూసిన కొమ్మలో వాయువు పారదు, అందువలన అది చల్లబడుతుంది. 200 డిగ్రీలయితే ధ్వనివేగము 436 మీటర్లకు తగ్గి 91 సెంటీమీటర్లే సరిపోతుంది. ఈ తేడా మరచినవాడు వెల్డింగు రెండుసార్లు చేయించుకొంటాడు.

చట్టపు కొలత కూడ ఈ ఝుంకారమును పట్టుకొనదు. కాలిఫోర్నియా రాష్ట్రములో ఇటువంటి కార్లకు పరిమితి 95 డెసిబెల్లు. గొట్టపు కొసకు సుమారు అరమీటరు దూరములో మైక్రోఫోను ఉంచి కొలుస్తారు. ఆ కొలతలో వాడే ఏ-తూకము మనిషి చెవిని అనుకరిస్తూ 125 కంపనముల స్వరమునుండి 16 డెసిబెల్లు తీసివేస్తుంది. కావున పరిమితికి లోబడిన సైలెన్సరు కూడ లోపల కూర్చున్నవానిని వేధించవచ్చును. పొరుగువాని నిద్రకు చట్టము కొంత కాపుదల ఇస్తుంది. కొన్నవాడు తన చెవిని తానే కాపాడుకొనవలెను. 85 డెసిబెల్లలో ఎనిమిది గంటలు గడపవచ్చుననియు, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలము సగము చేయవలెననియు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో సిఫారసు చేసినది. భారతదేశములో 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 120వది ప్రతి వాహనమునకు సైలెన్సరు ఉండవలెనని చెబుతూ, వ్యాకోచ గదినే ఉదాహరణగా పేర్కొన్నది. ఇంతకు ముందు లెక్క కట్టినది దానినే.

ఇన్ని చూసిన మీదట మస్టాంగు వంటి కారుకు పొడవైన నారడబ్బా, రెండున్నర అంగుళాల గొట్టము, అవసరమైతే కొలిచి చేసిన కొమ్మగొట్టము మేలైన కూర్పుగా కనిపిస్తుంది. కాలుష్యమును తగ్గించే కెటాలిటిక్ కన్వర్టరును ముట్టుకొనరాదు. దానిని తీసివేయుట అక్కడ నేరము. నారడబ్బాకు ఒక లోపము ఉన్నది. వేడికి, వాయువు తాకిడికి గాజునార క్రమముగా తెగి గొట్టము వెంట కొట్టుకుపోతుంది. కొత్తలో 92 డెసిబెల్లు పలికినది ఏళ్ళు గడిచాక 95 దాటవచ్చును. అందుచేత కొనేటప్పుడు డబ్బా లోపలి నార మార్చుటకు వీలున్నదా, లేక అతుకు వేసి మూసివేశారా అని అడిగి తెలుసుకొనుట అవసరము.