కుంటా ఏమయ్యాడు?

అలెక్స్ హేలీ ‘రూట్స్’ బానిసత్వం మీద రాసిన పుస్తకమని చదవనివాళ్లకు కూడా తెలుసు. తీరా చదవడం మొదలుపెడితే ముప్పై అధ్యాయాల దాకా సంకెళ్ల చప్పుడే వినిపించదు. గాంబియా నదీతీరాన జుఫూరే అనే ఊళ్లో 1750లో ఒక మగపిల్లవాడు పుడతాడు. తండ్రి ఒమోరో వాడి చెవిలో వాడి పేరు మూడుసార్లు చెబుతాడు. ఎవరి పేరు వాళ్లే మొదట వినాలని అక్కడి ఆచారం. ఆ పిల్లవాడు మేకలు కాస్తాడు, ఖురాన్ వల్లిస్తాడు, తల్లి మీద విసుక్కుంటాడు, తమ్ముడి ముందు పెద్దరికం ఒలకబోస్తాడు. మగవాళ్లలో కలిపే శిక్షణకు భయపడుతూ వెళ్లి, ఛాతీ విరుచుకుని తిరిగొస్తాడు. ఇలా పదిహేడు వానాకాలాలు. తొందరపడే పాఠకుడికి ‘అసలు కథ ఇంకెప్పుడు?’ అనిపిస్తుంది.

అసలు కథ ఇదే. డోలు చేసుకోవడానికి దుంగ కోసమని అడవికి వెళ్లిన కుంటా కింటేని దొంగలు పట్టుకునేనాటికి, అతను ఏమేం పోగొట్టుకుంటున్నాడో మనకు పేరుపేరునా తెలుసు. వేలంపాటతో కథ మొదలుపెట్టి ఉంటే మనకు కనిపించేది ఒక బానిస. హేలీ 120 అధ్యాయాల పుస్తకంలో పావువంతు పైగా ఖర్చుపెట్టి మనకు ఒక ఊరివాణ్ణి చూపించాడు. 1976లో పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాది ప్రత్యేక పులిట్జర్ దక్కింది, టీవీ సీరియల్ అమెరికాను ఊపేసింది. తెలుగులో సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో సంక్షిప్తంగా అనువదించగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఎంతోమంది తెలుగువాళ్లకు కుంటా పరిచయం ఆ పుస్తకంతోనే.

రెండో పనితనం ఓడ అధ్యాయాల్లో కనిపిస్తుంది. అక్కడ కుంటాకు తెలియనిదేదీ మనకూ తెలియదు. ఓడ పేరు తెలియదు, ఎటు పోతోందో తెలియదు. ‘టుబాబ్’ల, అంటే తెల్లవాళ్ల, మాటలు వట్టి అరుపులు. కంపు, ఎలుకలు, పేలు, రక్తవిరేచనాలు, గొలుసుకు అటు చివర ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. అందరివీ తలో భాష. రెండు భాషలు వచ్చినవాడు ఎక్కడో ఒకడుంటాడు. చీకట్లో గుసగుసగా బయలుదేరిన మాట అతని మీదుగా బల్లల వెంట పాకి అవతలి కొసకు చేరుతుంది. బానిసత్వం మీద వచ్చిన రాతల్లో కొరడా దెబ్బల వర్ణనలకు కొదవ లేదు. నోట్లో మాట ఉండీ పక్కవాడితో చెప్పుకోలేని స్థితిని ఇంత దగ్గరగా పట్టుకున్న రచన నాకు మరొకటి తగల్లేదు.

పాత్రకు తెలిసినంతే మనకు చెప్పాలనే ఈ కట్టుబాటు ఫలితం వర్జీనియాలో తెలుస్తుంది. నాలుగోసారి పారిపోయి పట్టుబడ్డ కుంటా పాదం సగం నరికేస్తారు. తర్వాతి యజమాని డాక్టర్ వాలర్, ఉన్నవాళ్లలో ‘మంచివాడు’. వంటమనిషి బెల్‌తో పెళ్లవుతుంది, కూతురు కిజ్జీ పుడుతుంది. యజమాని సోదరుడి కూతురు ఆట కోసం నేర్పిన నాలుగక్షరాలతో కిజ్జీ, పదహారేళ్ల వయసులో, తను ప్రేమించిన కుర్రాడు పారిపోవడానికి దొంగ పాస్ రాసిస్తుంది. అతను దొరికిపోతాడు. ఆ మంచి యజమాని ఆమెను అమ్మేస్తాడు.

బండి కనుమరుగయ్యాక కుంటా దుమ్ములో పడ్డ కూతురి కాలి ముద్రను రెండు చేతులా మట్టితో సహా ఎత్తుకుంటాడు. అది భద్రంగా ఉంటే మనిషి తిరిగొస్తుందని నమ్మకం. గుడిసెలోకి పరుగెత్తి, ఎందులో పెట్టాలా అని వెతుకుతుంటే సొరకాయ బుర్ర కనబడుతుంది. నెలకో గులకరాయి చొప్పున తన వయసంతా లెక్కపెట్టుకుంటూ వచ్చిన బుర్ర అది. ఆమె ఇక రాదని ఆ క్షణాన తెలుస్తుంది. బుర్రను నేలకేసి కొడతాడు. ఆరు వందలకు పైగా రాళ్లు గది నిండా చెదిరిపోతాయి.

ఇక్కడ హేలీ చేసిన పనికి చేతులెత్తి మొక్కాలి. తర్వాతి అధ్యాయం నార్త్ కరోలినాలో, కొత్త యజమాని చేతిలో చెరచబడ్డ కిజ్జీతో మొదలవుతుంది. కథ ఆమెతోనే వెళ్లిపోతుంది. కుంటా మళ్లీ రాడు. బతికాడా, చచ్చాడా, ఎప్పుడు, ఎలా? ఒక్క ముక్క ఉండదు. ఎక్కడో వస్తాడులే అని పుటలు ముందుకు తిప్పి వెతికాను. కిజ్జీకి ఎంత తెలుసో మనకూ అంతే. అమ్ముడుపోయిన పిల్లకు కన్నతండ్రి కబురు ఎవరు తెస్తారు? టీవీ సీరియల్‌లో కిజ్జీని తండ్రి సమాధి దగ్గరికి తీసుకొచ్చి చూసేవాళ్ల గుండె బరువు దించారు. నవల ఆ ఊరట ఇవ్వదు.

అన్ని చోట్లా ఈ పట్టు లేదు. బానిసల కబుర్లలో హైతీ తిరుగుబాటు, ఎన్నికలు, కొత్త చట్టాలు పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చిపడతాయి. కిజ్జీ కొడుకు చికెన్ జార్జ్ కోడిపందేల ఘట్టాలు మాత్రం మన గోదావరి జిల్లాలవాళ్లు ఊపిరి బిగబట్టి చదువుతారు. అతని యజమానే అతని కన్నతండ్రి. ఆ తండ్రి పందెంలో ఓడి కొడుకును అప్పు కింద ఇంగ్లండ్ పంపేస్తాడు. అంతర్యుద్ధం తర్వాతి తరాలు గబగబా దొర్లిపోతాయి.

చివర్లో ఏడో తరం మనిషిగా హేలీ స్వయంగా ‘నేను’ అంటూ ప్రవేశిస్తాడు. కుంటాను తెచ్చింది 1767 సెప్టెంబర్ 29న అన్నపోలిస్ చేరిన ‘లార్డ్ లిగోనియర్’ అని తేల్చి, దాని సరుకు చిట్టా ముందు పెడతాడు: 3,265 ఏనుగు దంతాలు, 3,700 పౌన్ల తేనెమైనం, 800 పౌన్ల పత్తి, 32 ఔన్సుల బంగారం, 140 మంది నీగ్రోలు. ఒడ్డు చేరింది 98 మంది. కొన్ని అధ్యాయాల పాటు మనం ఊపిరాడక చేసిన ప్రయాణం ఇక్కడ మైనం తర్వాత, పత్తి తర్వాత, చిట్టాలో ఆఖరి పద్దు. హేలీ దీనికి వ్యాఖ్యానం జోడించే అవసరమే లేకపోయింది.

ఈ ‘నేను’ ఆయనకు చిక్కులూ తెచ్చింది. కుంటాకు యజమానులు పెట్టిన పేరు టోబీ. వాలర్ల ఇంట టోబీ అనే బానిస ఆ ఓడ రాకముందే ఉన్నట్టు రికార్డులున్నాయని వంశచరిత్ర పరిశోధకులు చూపించారు. హెరాల్డ్ కోర్లాండర్ ‘ది ఆఫ్రికన్’ నవల నుంచి కొన్ని భాగాలు దీంట్లోకి వచ్చాయని దావా నడిచి, 1978లో హేలీ డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు. ఆయన చెప్పుకున్న వంశవృక్షాన్ని చరిత్రగా నేను నమ్మను. కొందరు విమర్శకులు అన్నట్టు ఆ చివరి అధ్యాయాలు తీసేసి, దీన్ని నికార్సైన నవలగా వదిలేస్తే ఆయనకు ఇంత రభస ఉండేది కాదు. సరుకు చిట్టా ఉన్న ఆ ఒక్క పుట కోసమైనా వాటిని వదులుకోవడానికి నాకు మనసొప్పదు.