అభిజ్ఞావచనము – సైనికకుటుంబస్మృతి

అనుభూతవిషయము సంస్కారబలమున మరల మనస్సున నుదయించుట స్మృతి యని తార్కికుల మతము. అట్టి స్మృతికి వాక్యరూప మెట్టిదో విధించినవాఁడు పాణిని. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ద్వితీయపాదమునందలి 112వ సూత్రము, జ్ఞప్తిని దెలుపు పదము చెంత నున్నచో, నేఁటిది గాని భూతక్రియకును భవిష్యద్రూపమగు లృట్టును విధించుచున్నది. కాశ్మీరదేశమునఁ దాము కలిసి నివసించుటను దేవదత్తునకు జ్ఞప్తి చేయుట దీనికి వృత్తికారుల యుదాహరణము. 114వ సూత్రమున నివాసముతోఁ బాటు ఆహారమును జేరినది.

ఉదాహరణములు యాదృచ్ఛికము లని పూర్వపక్షము. అది నిలువదు. 114వ సూత్రము సాకాంక్షవిషయము. ఒక క్రియ వేఱొకదాని నపేక్షింపవలెను. అందులకు శాస్త్రకారులు యుద్ధమును గాక నివాసమును, ఆహారమును గ్రహించిరి. సైనికకుటుంబస్మృతులకు నిదియే గీటురాయి.

తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము తరతరములుగ సైన్యమునకు బిడ్డల నిచ్చి "మిలిటరీ మాధవర"మని పేరొందినది. 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధకాలమున నిట్టి యిండ్లలోఁ బెరిగిన బిడ్డకుఁ దండ్రి పోరు పరోక్షము. తపాలాబంట్రోతు రాక, మనియార్డరు, పేరును నంకెయు రంగుతో వ్రాసిన యినుపపెట్టె, సెలవు తీఱునాఁటి తల్లి మౌనము – ఇవి ప్రత్యక్షములు. కవరుపై "56 ఎ.పి.ఓ." అని యుండునే కాని తండ్రి యున్న యూరిపే రుండదు. పరోక్షమునకు 115వ సూత్రము లిట్టును వేఱుగ విధించినది. ఈ భేదము నెఱుఁగక తండ్రి యుద్ధమును గన్నులారఁ జూచినట్లు వర్ణించు బిడ్డ స్మృతి దోషయుక్తము.

హైదరాబాదున మధురానగరమునకు సమీపముననున్న జూబిలీహిల్సు, ఫిల్మునగరములు తెలుఁగు చలనచిత్రములకు నెలవు. ఆ పరిశ్రమ 2022లో వెలువరించిన "సీతారామము" నీ గీటురాయిపైఁ బరీక్షింపఁ దగును. దర్శకుఁడు హను రాఘవపూడి. నాయకుఁడు కాశ్మీరమున నున్న అనాథసైనికుఁడు. ఆకాశవాణివలన నాతని వృత్తాంతము విని దేశజనులు బంధువులై లేఖలు వ్రాయుదురు. ఇల్లు లేనివానిని నాయకునిఁ జేయుటచే నివాసస్మృతి కెడము తగ్గినది, ఇది కొఱఁత. అయినను నిరువదియేండ్లు చేరవలసినచోటికిఁ జేరని యొక లేఖను గథకు మూలముగ నిలుపుటలో, సైనికుని యింటివారి ప్రాణము తపాలాపై నాధారపడు నను తత్త్వము గ్రహింపఁబడినది, ఇది గుణము. యుద్ధఘట్టములకంటె నీ లేఖయే ప్రేక్షకుని హృదయమున నిలుచుటకుఁ గారణ మిదియే.

తెలుఁగుభాషయు నీ శాస్త్రమునకు దూరము గాదు. "నాన్న సెలవులకు వచ్చెడివాఁడు" అను వాక్యమునందలి "ఎడి" ప్రత్యయము "రేపు వచ్చెడివాఁడు" అనుచోట భవిష్యత్తును దెలుపును. గడచిన వాడుకకును రానున్న దినమునకును రూప మొక్కటియే. తండ్రి రాకకై యెదురుచూచిన యింట భూతకాలమంతయు భవిష్యత్తుగనే గడచినది గదా!

కాని యా వాక్యమునకు దేవదత్తుఁ డవశ్యకము. కలిసి నివసించినవాఁడు లేనిచో "జ్ఞప్తి యున్నదా" యని యెవరి నడుగుట? 1971లోఁ బదియేండ్ల బాలునకు నేఁ డఱువది దాటినవి. వారి తల్లులలోఁ బెక్కండ్రు గతించిరి. యుద్ధచరిత్రములు ప్రభుత్వభాండారములఁ బదిలముగ నుండును. వంటయింటిమాటల కట్టి భాండారము లేదు. దేవదత్తు లుండఁగనే యడుగుట పండితులకును, పాఠశాలల యుపాధ్యాయులకును గర్తవ్యము.