బ్రాబజాన్ ఎవరి కోసం?

ఇళ్లకు ప్లాన్లు గీసి బతికేవాణ్ణి, విమానాలతో నాకు పనిలేదు. అయినా బ్రిస్టల్ బ్రాబజాన్ విమానం బొమ్మ కంటపడితే చూపు తిప్పుకోలేను. అంత పెద్ద పొరపాటును అంత శ్రద్ధగా చేసినవాళ్లు అరుదు.

యుద్ధం ముగిశాక ఎలాంటి ప్రయాణికుల విమానాలు కావాలో తేల్చమని 1942 చివర్లోనే బ్రిటన్ ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు లార్డ్ బ్రాబజాన్. పందులు ఎగిరినప్పుడు చూద్దాంలే అని ఎకసెక్కాలాడే జాతి ముందు, 1909లో ఓ పందిపిల్లను బుట్టలో కూర్చోబెట్టి ఎగరేసిన పెద్దమనిషి ఆయనే!

ఆ కమిటీ కోరిన విమానాల్లో ఒకటైన బ్రాబజాన్ లండన్ నుంచి న్యూయార్క్‌కు ఆగకుండా వెళ్లాలి. పన్నెండు గంటలు దాటే ప్రయాణం. డబ్బున్న దొర అంతసేపు కుర్చీలో కూర్చుంటాడా? అందుకని మనిషికి కనీసం 200 ఘనపుటడుగుల చోటు, పడుకోవడానికి బెర్తులు, భోజనాల గది, బార్, సినిమా హాలు అనుకున్నారు. ఇంతా చేసి ఎక్కేది వందమంది. రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 230 అడుగులు, తర్వాతెప్పుడో వచ్చిన తొలి 747 కంటే 34 అడుగులు ఎక్కువ. ఎనిమిది పిస్టన్ ఇంజిన్లను జంటలుగా రెక్కల్లో ఇమిడ్చి, ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగే ప్రొపెల్లర్లు బిగించారు. బ్రిస్టల్ కంపెనీ ఉన్న ఫిల్టన్‌లో రన్‌వే చాలకపోతే దారికడ్డుగా ఉన్న చార్ల్‌టన్ గ్రామాన్ని కూల్చేశారు.

1949 సెప్టెంబర్ 4న పైలట్ బిల్ పెగ్ దాన్ని పైకి లేపాడు. ఎగిరింది కూడా. కొనే నాథుడే లేడు. అట్లాంటిక్ మీద దాన్ని నడపాల్సిన బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీ ఆసక్తి చూపలేదు. 1952 మే నాటికి కామెట్ జెట్ సర్వీసులు మొదలయ్యాయి. 1953లో ప్రాజెక్టు రద్దయింది, లక్షల పౌండ్లు మింగిన విమానం పది వేల పౌండ్లకు తుక్కు కింద పోయింది.

నా దగ్గరికీ ఇలాంటివాళ్లు వస్తుంటారు. ఏడాదికోసారి దిగే చుట్టాల కోసం రెండంతస్తుల ఎత్తు హాలు కావాలంటారు, రోజూ వంటింట్లో నిలబడే మనిషిని మాత్రం వెంట తీసుకురారు. బ్రాబజాన్ విషయంలో నేను ఇంజినీర్లను తప్పుపట్టను. అడిగింది అడిగినట్టు కట్టిచ్చారు. యుద్ధానికి ముందు నాటి దొరను కళ్లముందు పెట్టుకుని, టిక్కెట్లు అమ్మాల్సినవాళ్ల మాట చెవిన పెట్టని కమిటీదే ఆ నేరం.

బ్రాబజాన్ తయారీ కోసం కట్టిన హాలు, పొడిగించిన రన్‌వే మాత్రం వృథా కాలేదు. 1969 ఏప్రిల్ 9న బ్రిటన్ తొలి కాంకార్డ్ ఆ రన్‌వే మీంచే లేచింది. అందులోనూ ఎక్కేది వందమందే. దాన్నీ చివరికి కొన్నవి, కట్టిన రెండు దేశాల విమాన సంస్థలే.