ఇంటిల్లిపాదికీ ఒకే పంక్తి: సత్యజిత్ రాయ్ బాలల చిత్రం ‘గుపీ గాయెన్ బాఘా బాయెన్’

బాలల చిత్రమనగానే మన దేశంలో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినవస్తాయి. అది పిల్లలకు నీతి బోధించి తీరాలన్నది ఒకటి. పిల్లల కోసం పెద్దలు ఓపిక పట్టి కూర్చోవలసిన కాలక్షేపమన్నది రెండవది. పెద్దలూ పిల్లలూ ఒకే దృశ్యాన్ని ఒకే ఆసక్తితో చూడవచ్చునన్న భావనకు ఈ రెండింటిలోనూ చోటు లేదు.

ఈ విషయంలో సెన్సారు ధ్రువపత్రం కూడా కొంతవరకే తోడ్పడుతుంది. ‘యు’ అన్న అక్షరం ఆ చిత్రాన్ని ఎవరైనా చూడవచ్చునని మాత్రమే చెబుతుంది. 1983లో ‘యు ఎ’ తరగతి వచ్చింది. 2024 నుండి దానిని ఏడు, పదమూడు, పదహారు సంవత్సరాల వయఃపరిమితులతో మూడుగా విభజించారు. ఇవన్నీ ఏ వయస్సు వారికి ఏది తగదో సూచించేవే. ఏది ఇంటిల్లిపాదికీ తగినదన్న ప్రశ్నకు సమాధానం చిత్రంలోనే వెదకవలసి ఉంటుంది. అందుకు 1969లో విడుదలైన సత్యజిత్ రాయ్ బెంగాలీ చిత్రం ‘గుపీ గాయెన్ బాఘా బాయెన్’ను మించిన ఉదాహరణ భారతీయ సినిమాలో అరుదు.

మూడు తరాల కథ

ఈ చిత్రం పుట్టుకలోనే కుటుంబం ఉన్నది. మూలకథను రచించినవారు రాయ్ పితామహుడు ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. ఆయన 1913లో స్థాపించిన ‘సందేశ్’ అనే బాలల పత్రికలో అది 1915లో వెలువడింది. ఆగిపోయిన ఆ పత్రికను 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి రాయ్ పునరుద్ధరించాడు. తండ్రి తీసే చిత్రాలన్నీ పెద్దలవీ, గంభీరమైనవీ అని కుమారుడు సందీప్ చేసిన ఫిర్యాదే ఈ చిత్రానికి ప్రేరణ అయిందని రాయ్ చెప్పాడు. తాత వ్రాసిన కథను మనుమడు తన కుమారుని కోసం తెరకెక్కించాడన్నమాట. కలకత్తాలో ఆ చిత్రం దాదాపు సంవత్సరం పాటు ఆడింది. 1968వ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ చిత్రంగా, ఉత్తమ దర్శకత్వానికి గౌరవం పొందింది.

కథ సరళమైనది. గుపీకి పాట మీద ప్రేమ ఉన్నది గాని గొంతు లేదు. బాఘా డోలు వాయించగలడు గాని వినేవారు లేరు. ఊరి పెద్దల ఎగతాళి మాటలు నమ్మి తెల్లవారుజామున రాజుగారి నిద్ర చెడగొట్టిన గుపీని గాడిదనెక్కించి ఊరు వెడలగొడతారు. అడవిలో కలుసుకున్న ఈ ఇద్దరికీ భూతరాజు ప్రసన్నుడై మూడు వరాలిస్తాడు. కోరిన అన్నవస్త్రాలు, కోరిన చోటికి తీసుకుపోయే పాదరక్షలు, విన్నవారిని కదలకుండా నిలిపివేసే సంగీతం. మొదటి రెండు వరాలు ఫలించాలంటే ఒకరి అరచేతితో మరొకరి అరచేయి చరచాలి. ఒంటరిగా ఎవరికీ ఏ మహిమా లేదు. స్నేహం గురించి ఒక్క నీతివాక్యమైనా పలకకుండా ఈ నియమమే పిల్లలకు ఆ విషయం తెలియజేస్తుంది.

ఆకలి అనే సామాన్య భాష

ఇంటిల్లిపాదికోసమని ప్రకటించుకునే చిత్రాలు పలుమార్లు వాటాల పద్ధతిని అనుసరిస్తాయి. పిల్లలకు కొంత హాస్యం, యువతకు పాటలు, పెద్దలకు కొంత కన్నీరు. ఒకరి వాటా నడుస్తున్నంతసేపూ మిగిలినవారు తమ వంతుకోసం వేచి ఉంటారు. రాయ్ పద్ధతి పంక్తిభోజనం వంటిది. అందరి విస్తళ్లలోనూ అవే పదార్థాలు. ఎవరి ఆకలిని బట్టి వారు ఆరగిస్తారు.

ఆకలి అన్న మాట ఇక్కడ ఉపమానం మాత్రమే కాదు. చిత్రమంతటా నడిచే సూత్రం అదే. హల్లా రాజ్యపు మంత్రి మాంసం నములుతూ యుద్ధానికి పథకాలు వేస్తుంటాడు. అతని సైనికులు బక్కచిక్కి, లేచి నిలబడే ఓపిక లేక పడి ఉంటారు. దండయాత్రకు బయలుదేరవలసిన ఆ సేన ముందు గుపీ బాఘాలు యుద్ధంవల్ల ఒరిగేదేమిటని పాడతారు. ఆకాశం నుండి మిఠాయి కుండలు దిగివస్తాయి. సైనికులు ఆయుధాలు విడిచి కుండలవైపు పరుగెత్తుతారు.

ఆ దృశ్యంలో ఆరేళ్ల పిల్లవానికి కనిపించేది మిఠాయిల వాన. వాని అన్నకు కనిపించేది గెలుపుకోసం పన్నిన చక్కని ఉపాయం. తల్లిదండ్రులకు కనిపించేది అన్నం పెట్టకుండా కత్తి చేతికిచ్చే పాలకుల నైజం. కరువు చూసిన తాతకు ఆ పరుగులో నవ్వు రాకపోవచ్చు కూడా. దృశ్యం ఒక్కటే, దానిని పిల్లలకు విడమరచి చెప్పేందుకు ఏ పాత్రా కథ ఆపి ఉపన్యసించదు. పిల్లవాడు పెరిగి మళ్లీ చూచినపుడు రెండవ అర్థం తానే పట్టుకుంటాడు.

భూతాల నృత్యం దీనికి మరొక నిదర్శనం. ఆరు నిమిషాలకు పైగా సాగే ఈ ఘట్టంలో మాట లేదు, రాగం లేదు. తాళం మాత్రమే ఉన్నది. రాజులు, సామాన్య ప్రజలు, ఆంగ్లేయులు, స్థూలకాయులు అని నాలుగు జాతుల భూతాలు. వాటికి రాయ్ ఎన్నుకున్నవి మృదంగం, కంజీర, ఘటం, మోర్సింగ్. అవి దక్షిణాది తాళవాద్య కచేరీలో వినవచ్చే వాద్యాలే కాబట్టి తెలుగు ప్రేక్షకుని చెవికి అవి పరిచితమైనవి. పసివారికది చిందులాట. పెద్దలకది బెంగాలు చరిత్రలోని వర్గాల ఊరేగింపు. తమలో తాము కలహించుకునే ఆ భూతాలు రానున్న యుద్ధ కథకు నాంది పలుకుతున్నాయని శ్రద్ధగా చూచేవారు గ్రహించగలరు.

దుష్టపాత్రల చిత్రణ కూడా గమనింపదగినది. శుండీ రాజు, హల్లా రాజు అన్నదమ్ములు. రెండు పాత్రలనూ సంతోష్ దత్తాయే ధరించాడు. హల్లా రాజు క్రూరత్వం అతని స్వభావం కాదు, మంత్రి తాగించే మందు ప్రభావం. మత్తు వదలగానే అతడు పసివాడై పోతాడు. ఆ మందు తయారుచేసే మాంత్రికుడు బర్ఫీగా నటించినవారు హైదరాబాదులో జన్మించిన కవి, సరోజినీ నాయుడు సోదరుడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. ఆయన పలికే అర్థంలేని భాష పిల్లలకూ పెద్దలకూ సమానంగానే అర్థం కాదు. అందుచేత అందరూ ఒకేమారు నవ్వుతారు.

తెలుగు ప్రేక్షకునికి ఈ దారి కొత్తది కాదు. 1947లో ‘చందమామ’ను ప్రారంభించిన నాగిరెడ్డి, చక్రపాణులే 1951లో ‘పాతాళభైరవి’ని, 1957లో ‘మాయాబజార్’ను నిర్మించారు. బాలల పత్రికను నడిపిన చేతులే ఇంటిల్లిపాదీ చూచే అద్భుతచిత్రాలను అందించడం బెంగాలులోనూ తెలుగునాటా జరిగింది. పిల్లలకోసం వ్రాసే అలవాటు ఉన్నవారు పిల్లలను తక్కువ అంచనా వేయరు. అయితే జానపద చిత్రంలో కథానాయకుడు సాహసి, అందగాడు. రాకుమారి ప్రేమకోసం మాంత్రికునితో తలపడేవాడు. రాయ్ నాయకులు అందగాళ్లు కారు, వీరులు కారు. ఊరు వెలివేసిన ఇద్దరు అతి సామాన్యులు. తరగతిలో వెనుక వరుసలో కూర్చునే పిల్లవానికి వారిలో తన ముఖం కనిపిస్తుంది.

కొన్ని లోపాలు

ఇంత చెప్పిన తరువాత లోపాలను దాచడం న్యాయం కాదు. రెండు గంటల నిడివిగల ఈ చిత్రం తొలిభాగంలో నెమ్మదిగా నడుస్తుంది. చివరి ఘట్టంలో తప్ప రంగులు లేవు. చీకటిలో మెరిసే భూతాలను చూచి మరీ చిన్నవారు జడియవచ్చు. వారి పక్కన పెద్దలు ఉండడం అవసరం. భూతరాజు మాటలలోని ప్రాస, పాటలలోని చమత్కారం బెంగాలీ తెలియనివారికి సగమే అందుతాయి. తెర అడుగున వచ్చే ఆంగ్లాక్షరాలు చదువురాని అవ్వకూ, చదువు ఇంకా పట్టుబడని మనుమరాలికీ ఒకే విధంగా అడ్డు.

అన్నిటికంటె పెద్ద లోపం వేరొకటి. ఈ కథాలోకంలో స్త్రీలు దాదాపు లేరు. చివర ఇద్దరు రాకుమార్తెలు కనిపిస్తారు. అదీ నాయకులకు లభించే బహుమానంగానే. మూలకథ ఆనాటిదని సమాధానం చెప్పవచ్చు. కాని మూలకథను 1960ల ప్రేక్షకులకు తగినట్లు మలచుకున్న దర్శకునికి ఈ మార్పు అసాధ్యమేమీ కాదు. కుటుంబమంతా కూర్చున్న పంక్తిలో ఆడపిల్ల విస్తరి మాత్రం వెలితిగానే మిగిలింది. తల్లిదండ్రులు ఈ వెలితిని గుర్తించి, చిత్రం ముగిసిన తరువాత పిల్లలతో మాట్లాడడం మంచిది.

1980లో రాయ్ ఇవే పాత్రలతో ‘హీరక్ రాజార్ దేశే’ తీశాడు. అందులో పాఠశాలను మూయించి, ప్రజల బుద్ధులను యంత్రంతో మార్చజూచే రాజును చూచి పెద్దలు అత్యవసర పరిస్థితిని తలచుకున్నారు. అది పదునైన చిత్రమే. అయినా అక్కడ పెద్దల అర్థం బరువెక్కి, పిల్లల కథను అక్కడక్కడ తనవైపు లాగుకుంటుంది. మొదటి చిత్రంలో ఆ త్రాసు సమంగా నిలిచింది.

బాలల చిత్ర సమితి 1955లో ఏర్పడి 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది. బాలల సినిమాకు ప్రత్యేకమైన గూడు ఉండాలా, ప్రధాన సినిమాలోనే దానికి స్థానం కల్పించాలా అన్న చర్చ ఇంకా తీరలేదు. ఇంటిలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తెర ఉన్న ఈ కాలంలో, పలువురు కలిసి ఒకే కథ చూడడమన్నది దానంతటదే జరిగే విషయం కాదు. అందుకు తగిన కథ ఉండాలి. పిల్లలకోసం పెద్దలు తగ్గవలసిన పని గాని, పెద్దలకోసం పిల్లలు ఎదగవలసిన పని గాని లేని కథను చెప్పవచ్చునని ఈ చిత్రం నిరూపించింది. దాని గుణాలనూ, ఆడపిల్లకు చోటివ్వని దాని లోపాన్నీ కూడా గుర్తెరిగి తీసే చిత్రం ఏ భాషలో వచ్చినా, ఆ పంక్తిలో అందరికీ విస్తరి ఉంటుంది.