‘ఫిక్స్’ – ఒక మాట, పలు అర్థాలు

నంద్యాలలో పెళ్లి ముహూర్తం ‘ఫిక్స్’ అవుతుంది. కొత్త ఇంట్లో పంకా ‘ఫిక్స్’ చేస్తారు. ఆ పంకా తిరగడం మానితే మాత్రం ‘రిపేరు’ చేయిస్తారు. ఇంగ్లీషులో, ముఖ్యంగా అమెరికావారి వాడుకలో, చెడిన వస్తువును బాగుచేయడాన్ని కూడా ‘ఫిక్స్’ అనే అంటారు. తెలుగువారు ఈ మాటను తెచ్చుకొన్నప్పుడు బిగించుట, నిర్ణయించుట అనే అర్థాలను ఉంచుకొని, బాగుచేయుట అనే అర్థాన్ని ‘రిపేరు’కు అప్పగించారు. ఆ ‘రిపేరు’ కూడా తెలుగునాట తలకిందులైంది. ‘మోటారు రిపేరైంది’ అంటే బాగైందని కాదు, చెడిపోయిందని అర్థం.

దీనిని తప్పుపట్టవలసిన పని లేదు. వాడుకలో సందర్భమే అర్థాన్ని కాపాడుతుంది. కాని శాస్త్రపాఠంలో విద్యార్థికి సందర్భమే కొత్తది. అక్కడ మాట దారి తప్పితే విషయం కూడా దారి తప్పుతుంది. ‘ఫిక్స్’ అనే మాటకు తెలుగు పాఠ్యగ్రంథాలలో జరిగినది కొంతవరకు ఇదే.

ఈ మాటకు మూలం లాటిను భాషలోని ‘ఫిక్సుస్’. బిగించబడినది, నాటుకొన్నది అని దాని అర్థం. బాగుచేయుట అనే అర్థం చాలాకాలం తరువాత వచ్చి చేరినది. శాస్త్రజ్ఞులు ఈ మాటను ఒక్కొక్క శాఖలో ఒక్కొక్క విధంగా వాడుకొన్నారు. ఉష్ణమాపకంపై గుర్తులు పెట్టడానికి ఆధారమైన మంచు ద్రవీభవన స్థానం, నీటి మరుగు స్థానం ‘స్థిర బిందువులు’. ఆవిరై ఎగిరిపోని నువ్వులనూనె వంటివి ‘స్థిర తైలాలు’. ఫోటోగ్రఫీలో ‘ఫిక్సింగ్’ అంటే వెలుతురు సోకని వెండి లవణాన్ని హైపో ద్రావణంలో కరిగించి తొలగించడం. హైపోకు ఈ గుణమున్నదని 1819లో జాన్ హెర్షెల్ కనుగొన్నాడు. ఆ లవణం తొలగిన తరువాత బొమ్మ మరి నల్లబడక నిలుస్తుంది. ఈ మూడింటిలోను ‘స్థిర’ శబ్దం చక్కగా ఒదిగింది. మారనిది, కదలనిది, ఎగిరిపోనిది అనే భావం మూడింటికీ ఉన్నది.

చిక్కంతా నత్రజని దగ్గర వచ్చింది. గాలిలోని నత్రజనిని మొక్కలకు పనికివచ్చే సమ్మేళనాలుగా మార్చడాన్ని కొన్ని పుస్తకాలు ‘నత్రజని స్థాపన’ అంటున్నవి; మరికొన్ని ‘నత్రజని స్థిరీకరణ’ అంటున్నవి. స్థిరీకరణ అంటే స్థిరం కానిదానిని స్థిరంగా చేయుట. పదాన్ని నమ్ముకొన్న విద్యార్థి ఏమనుకొంటాడు? గాలిలోని నత్రజని అస్థిరమైనదనీ, దానిని బాక్టీరియా స్థిరపరుస్తుందనీ అనుకొంటాడు. సత్యం దీనికి విరుద్ధం. గాలిలో నూటికి 78 వంతులున్న నత్రజని మహా స్థిరమైన వాయువు. దాని అణువులో రెండు పరమాణువులను మూడు బంధాలు కలిపి ఉంచుతున్నవి. ఒక మోలు నత్రజనిలో ఈ బంధాలను తెంచడానికి సుమారు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఈ స్థిరత్వాన్ని భంగపరచడమే అసలు పని. కర్మాగారంలో ఆ పనికి హేబర్ పద్ధతిలో ఇనుప ఉత్ప్రేరకం, 400 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి, వందకు మించిన వాతావరణాల పీడనం అవసరం. పోనీ, ఏర్పడిన పదార్థాలైనా నేలలో స్థిరంగా ఉంటవా? నైట్రేటులు నీటితోపాటు కిందికి కొట్టుకొనిపోతవి.

‘స్థాపన’ ఇంత విపరీతార్థం ఇవ్వదు. అయినా దానికి లోకంలో వేరే అర్థం రూఢమై ఉన్నది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎన్నో ఊళ్ల గుడులకు వెళ్తవి. విగ్రహాన్ని పీఠంపై నిలపడం స్థాపన. స్థాపించినది కదలరాదు. నేలలో చేరిన నత్రజనియో వేరునుంచి ఆకుకు, ఆకునుంచి గింజకు, గింజనుంచి మనిషికి సాగిపోతూనే ఉంటుంది.

మరి ఇంగ్లీషువారు ఈ మాటను ఎందుకు ఎంచుకొన్నారు? జవాబు 18వ శతాబ్దిలో ఉన్నది. 1750 ప్రాంతంలో స్కాట్లండు దేశీయుడు జోసెఫ్ బ్లాక్, మెగ్నీషియా, సున్నపురాయి వంటి ఘనపదార్థాలలో ఒక గాలి బంధింపబడి ఉన్నదనీ, వేడిచేసినా ఆమ్లం పోసినా అది బయటపడుతుందనీ చూపించాడు. దానికి ‘ఫిక్సుడ్ ఎయిర్’ అని పేరు పెట్టాడు. అదే బొగ్గుపులుసు వాయువు. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివే. శుద్ధమైన సున్నపురాయి 100 గ్రాములు కాలిస్తే 44 గ్రాముల వాయువు పోయి 56 గ్రాముల సున్నం మిగులుతుంది. బండ ముక్కపై సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే పొంగేది ఆ బంధితమైన గాలియే. కనుక వాయువుల విషయంలో ‘ఫిక్స్’ అంటే స్థిరపరచుట కాదు, పట్టి బంధించుట.

ఈ భావానికి ‘బంధనం’ అనే మాట దగ్గరగా ఉన్నది. విగ్రహాన్ని పీఠానికి అతికించే మిశ్రమాన్ని అష్టబంధనం అనడం శిల్పులకు, అర్చకులకు తెలిసినదే. విగ్రహం దగ్గర కూడా స్థాపన ఫలితం; బంధనం దానికి సాధనం. ‘నత్రజని బంధనం’ అంటే రసాయనిక బంధంతో కలగాపులగం కాదా అని ఆక్షేపించవచ్చును. ఆ పోలిక హాని చేయదు, మేలే చేస్తుంది. నత్రజని తనలో తనకున్న బంధాన్ని విడిచి ఉదజనితో కొత్త బంధం కట్టుకొని అమోనియా కావడమే ఇక్కడ జరిగే క్రియ.

అయితే పరీక్షలలో, పుస్తకాలలో పాతుకొనిపోయిన మాటను ఒక్క పూటలో మార్చలేము. అంతవరకు ఉపాధ్యాయుడు చేయగలిగిన పని ఒకటున్నది. నంద్యాల పరిసరాల నల్లరేగడిలో ఏటా పప్పుశనగ పండుతుంది. విత్తిన ఆరేడు వారాలకు ఒక మొక్కను వేళ్లు తెగకుండా మట్టితో సహా పెకలించి, నీటిలో కడిగి పిల్లలకు చూపించాలి. వేళ్లపై చిన్న బుడిపెలు కనిపిస్తవి. ఒకదానిని గోటితో చీలిస్తే, చురుకుగా పనిచేసేదైతే, లోపల గులాబి రంగు ఉంటుంది. లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం వల్ల ఆ రంగు వచ్చింది. కర్మాగారం అంత వేడితో, అంత ఒత్తిడితో చేసే పనిని ఈ బుడిపెలోని బాక్టీరియా పొలంలోని మామూలు వేడిమి వద్దనే చేస్తున్నది. మొక్క దానికి చక్కెరనిస్తుంది. అది మొక్కకు అమోనియానిస్తుంది.

దీనిని చూచిన తరువాత ‘స్థాపన’ అని చెప్పినా విద్యార్థి విగ్రహాన్ని తలచుకోడు, గులాబిరంగు బుడిపెను తలచుకొంటాడు. ‘స్థిరీకరణ’ అని చదివినా, స్థిరమైనదాన్ని కదిలించడమే ఇక్కడ జరిగిందని తనే సరిదిద్దుకొంటాడు. పారిభాషిక పదం వస్తువుకు గుర్తు మాత్రమే. గుర్తు సరిగా లేనిచోట వస్తువునే ముందుగా చూపడం ఉపాధ్యాయుని ధర్మం. గుర్తును సరిదిద్దడం గ్రంథకర్తల ధర్మం.