మునకాతా షికో పలకలపై బుద్ధశిష్యులు

శారిపుత్రుడు, మౌద్గల్యాయనుడు, ఆనందుడు మనకు కొత్తవారు కారు. జపాను నోట శారిహోత్సు, మొక్కెన్‌రెన్, అనన్ అయిన ఆ శిష్యులకు 1939లో మునకాతా షికో ఉలి ఇచ్చిన రూపం మాత్రం మన ఊహకు దూరమైనది. మంజుశ్రీ, సమంతభద్రులనే బోధిసత్త్వులతో కలిపి మొత్తం పన్నెండు ముద్రాచిత్రాలు. వీటిలో బుద్ధుడు ఎక్కడా లేడు.

మునకాతా 1903లో అవొమొరిలో ఒక కమ్మరి ఇంట జన్మించాడు. చూపు మందమైనందున ముఖాన్ని పలకకు ఆనించి చెక్కేవాడు. ఉకియో-ఎ సంప్రదాయంలో గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అచ్చు వేసేవాడు మరొకడు. ఇరవయ్యవ శతాబ్దపు ‘సోసాకు హంగా’ ఉద్యమం ఆ మూడు పనులనూ ఒక్క చేతికే అప్పగించింది. మునకాతా మరొక అడుగు ముందుకు వేశాడు. ‘హంగా’ అనే మాట ఉచ్చారణ మారకుండా, అందులోని ముద్రణార్థకమైన లిపిసంకేతాన్ని తొలగించి, చెక్కపలకను సూచించే సంకేతాన్ని ఉంచాడు.

ఇది కేవలం అక్షరచమత్కారం కాదు. సుమారు మీటరు ఎత్తున్న ఆ ఇరుకు చిత్రాలలో శిష్యులు నిలువునా నిండి ఉంటారు. తలలు పై అంచును ఒత్తుకొంటాయి, మెడలు వంగుతాయి. మనిషే పలకకు ఒదిగాడు గాని, మనిషి కోసం పలక పెరగలేదు. నారా నగరంలోని కోఫుకుజి ఆలయంలో ఎనిమిదవ శతాబ్దపు సుభూతి విగ్రహం ఆయనకు ప్రేరణ అంటారు. కావచ్చు. అయితే ఆ విగ్రహంలోని సౌమ్యత ఇక్కడ లేదు. శాంతరసం వెదకి వచ్చినవారికి ఆశాభంగమే. దీనిని ‘ఆదిమశక్తి’ అని మెచ్చుకొన్నవారున్నారు. ఆ మెప్పు నాకు సమ్మతం కాదు. ఒక వస్త్రపు నలుపు పక్క వస్త్రపు తెలుపును నిలబెట్టే తీరులో ఆవేశం కంటె లెక్కే ఎక్కువ.

ఈ చిత్రమాలకు 1955లో సావో పావ్‌లోలోను, 1956లో వెనిస్‌లోను అత్యున్నత ముద్రాచిత్ర పురస్కారాలు లభించాయి. అంతకు ముందే, 1945 వైమానిక దాడులలో మునకాతా పలకలు అనేకం కాలిపోయాయి. శిష్యుల పలకలు దక్కాయి. బోధిసత్త్వుల పలకలు దక్కలేదు. ఆ రెంటినీ ఆయన 1948లో మళ్ళీ చెక్కాడు. అందుచేత ఆ తరువాతి ప్రతులకు 1939 అనే ఒక్క సంవత్సరమే వేసి ప్రదర్శించడం సరికాదు. పదిమంది శిష్యులు యుద్ధం దాటి వచ్చినవారు. పక్కనున్న బోధిసత్త్వులిద్దరూ దాని తరువాత పుట్టినవారు.