చకారబోధనము

చకారము క్రింద ‘చక్రము’, ‘చలి’ యను రెంటినిఁ గలిపి చూపు వాచకపద్ధతి విమర్శనీయము. మొదటిది తత్సమము, అందలి చకారము తాలవ్యము. రెండవది దేశ్యము, అందలిది దంత్యము. తెనుఁగు వర్ణములను 36గాఁ బరిగణించిన చిన్నయసూరి యీ రెంటిని వేఱుగాఁ జెప్పెను. తెనుఁగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏలతోఁ గూడిన చజలు తాలవ్యములనియు, అ, ఉ, ఒ మొదలగువానితోఁ గూడినవి దంత్యములనియు బాలవ్యాకరణమున వ్యవస్థ చేసెను. సూత్ర మెఱుఁగని బాలుఁడు నింట ‘ౘలి’ యనియే పలుకును. ‘చెట్టు’ను దంత్యముగాఁ బలుకఁడు. బడిలోఁ దాలవ్యధ్వని నొక్కదానినే చెప్పి ‘చలి’ని జూపినచో, వాఁడు తన నాలుకయే తప్పినదని తలఁచును. దోషము వాచకమునదే. కావునఁ ‘జక్రము’తోఁ దాలవ్యమును స్థిరపఱచి, పిదప ‘ౘలి’ని వేఱుగా వినిపింపవలెను. వ్రాఁత యొకటియైనను ధ్వనులు రెండని శిశువు చెవి గ్రహించినఁగాని యక్షరాభ్యాసము పూర్తికాదు.